మడమ మీద జీడి మరక

విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్లో జరిగిన అందాల పోటీలో "మిస్ ఉత్తర తీరం" బిరుదు ఇందుమతికి వచ్చింది. అక్కుపల్లి దగ్గర కొబ్బరితోటల్లో పెరిగి, టెక్కలిలో డిగ్రీ చదివిన పిల్ల. గెలిచిన వాళ్ళు ఏడాది పాటు ఏదో ఒక ప్రజాసేవ చెయ్యాలని ఆ పోటీ వాళ్ళ నియమం. "నేను మా ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి తిరుగుతాను" అంది ఇందుమతి. నిర్వాహకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కిడ్నీ కిందటేడు గెలిచిన అమ్మాయి చేసేసిందట. పోటీకి ఖర్చు భరించిన వాళ్ళలో క్రీములు తయారుచేసే కంపెనీ ఒకటి ఉంది. చర్మ క్యాన్సర్ మీద వాళ్ళు అచ్చు వేయించిన పోస్టర్లు గది నిండా ఉన్నాయి. అలా చర్మ క్యాన్సర్ ఆమె వంతుకు వచ్చింది.

ఆ పోస్టర్ల నిండా దొరల తోలే. గులాబీ రంగు ముక్కుల మీద ఎర్రటి పుండ్లు, సముద్రపు ఒడ్డున రంగుల గొడుగు కింద పడుకున్న మనుషులు. అక్కుపల్లి ఒడ్డున ఎండకి పడుకునేవి చేపలే, అవీ ఉప్పు రాసుకుని. ఈ బొమ్మలు పట్టుకుని ఎవరికి ఏం చెప్పాలో ఇందుమతికి తోచలేదు. నలుగురు ఆడవాళ్ళను ఒక్కచోట కూర్చోబెట్టగల మనిషి చుట్టాల్లో ఎవరా అని ఆలోచిస్తే మేనత్త దేముడమ్మ గుర్తుకొచ్చింది.

దేముడమ్మ పలాసలో జీడి పిక్కలు కొట్టే షెడ్డులో పాత మనిషి. ఆమె పిక్కలు పగలగొట్టే కాలి మిషను తొక్కడం మొదలుపెట్టాక పనికి వచ్చిన వాళ్ళే ఇప్పుడు అక్కడ ఎక్కువ. ఆమె మాట మీద ఒక వరస ఆడవాళ్ళు లేస్తారు, ఒక వరస కూర్చుంటారు. భర్త దాలయ్య కిడ్నీ పాడై చనిపోయాడు. కొడుకు సుమన్ కాశీబుగ్గలో ఆటో తిప్పుతాడు.

మాఘమాసం చలిలో ఒక ఆదివారం ఇందుమతి వెళ్ళేసరికి దేముడమ్మ అరుగు మీద కూర్చుని, కాలు పీట మీద పెట్టి, కోడి ఈకతో మడమ పగుళ్ళలోకి జీడి నూనె పూస్తోంది. పిక్క పెంకులోంచి కారే ఆ నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. అదే నూనె రాయిలా గట్టిపడిన మడమ పగుళ్ళలో పోస్తే పగుళ్ళను పూడుస్తుందని అక్కడి ఆడవాళ్ళ నమ్మకం. చలికాలం వచ్చిందంటే పలాస చుట్టుపక్కల ఏ ఇంటి అరుగు మీద చూసినా ఈ వైద్యమే.

"ఏటే గుంటా, కిరీటం ఇంట్లో ఒగ్గీసి వచ్చినావా? దొంగోళ్ళు పట్టుకుపోతారే" అంది దేముడమ్మ, తలెత్తకుండా.

"అది గాజురాళ్ళ కిరీటం అత్తా. ఎవులు పట్టుకెల్తారు."

"గాజువయితే ఏటి, నెత్తి మీదెట్టింది ఎవులో పెద్ద మనుసులు గదా. కూకో. పీట నేదు, ఆ బస్తా మీద కూకో. చీర పాడవుద్దేమో సూసుకో."

ఇందుమతి బస్తా మీద కూర్చుని, వచ్చిన పని చెప్పబోయింది. అప్పుడే అత్త మడమ మీద చూపు పడింది. పగుళ్ళలో నూనె నల్లటి గీతల్లా ఉంది. అది మామూలే. కానీ మడమ లోపలి పక్కన, పగుళ్ళు లేని చోట, చింతగింజంత మచ్చ ఒకటి ఉంది. తడిగుడ్డ మీద సిరా పడితే పాకినట్టు ఒక వైపుకి పాకింది. రంగు ఒక్కలా లేదు. ఒక చోట నలుపు, ఒక చోట నీలం, అంచున ఇటుకపొడి రంగు.

"అదేటత్తా?"

"ఏదే?"

"ఆ మచ్చ."

"జీడి."

"జీడయితే పగుల్లోన ఉండాల గదా. ఇది పక్కనుందేటి?"

"జీడికి బడిలో నేర్పినారేటి, గీతల మీదే రాయాలనీసి? ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటాది" అని దేముడమ్మ కాలు పీట మీంచి తీసి చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. నూనె ఇంకా ఆరలేదు. చీర అంచుకి అంటుకుంది. అంత జాగ్రత్త గల మనిషి దాన్ని చూసుకోలేదు.

ఆ రాత్రి ఇందుమతికి నిద్ర సరిగా పట్టలేదు. పోటీ రోజుల్లో పరిచయమైన శ్రీకాకుళం చర్మవైద్యురాలు సాహితికి పొద్దున్నే ఫోను చేసింది. డాక్టర్ అంతా విని, "నీ దగ్గరున్న పోస్టర్లు పక్కన పెట్టమ్మా" అంది. "మన రంగు వాళ్ళకి ఈ జబ్బు ఎండ తగిలే చోట రావడం తక్కువ. అరికాలు, అరచెయ్యి, గోరు కింద వస్తుంది. ఎవరూ చూసుకోని చోటు. తొందరగా చూస్తే కోసి తీసేస్తాం, అయిపోతుంది. ఆలస్యమైతే ఒళ్ళంతా పాకుతుంది. మీ అత్తను తీసుకురా. ఫోటోలో చూసి చెప్పేది కాదు."

ఇందుమతి తీసుకెళ్ళాలనుకుంది. దేముడమ్మ రానంది. మోకాళ్ళు అంది, ఆదివారం పని ఉంది అంది, చివరికి "నీ కిరీటం సరదాకి నా కాలు దొరికిందేటి" అంది.

సరే, అందరితో పాటు అయితే వస్తుందేమోనని ఇందుమతి షెడ్డులోనే మీటింగు పెట్టింది. మేనేజరు వైకుంఠరావు మధ్యాహ్నం అన్నాల వేళ కాసేపు మాట్లాడుకోమన్నాడు. భుజం మీద మెరిసే పట్టీ వేసుకుని, తల మీద కిరీటం పెట్టుకుని ఇందుమతి లోపలికి నడిచింది. కొత్తలో అదే సేవకి యూనిఫారం అనుకునేది. కారియర్లు విప్పుకుంటున్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. జీడి అంటకుండా బూడిద పూసుకున్న చేతులు నోటి దాకా వెళ్ళి ఆగాయి.

"రగతం తీత్తావేటి పిల్లా?" అడిగింది ఒకామె. "ఇప్పటికే మా ఊర్లో అందరి రగతం తీసీసినారు. కిడ్నీ అనీసి ఒకలు, నీళ్ళనీసి ఒకలు. ఇంక నా ఒంట్లో నేదు."

"రక్తం కాదు పిన్నీ. తోలు గురించి."

"తోలా? మాకు తోలెక్కడుంది? జీడి తినీసినాది" అని అరచేతులు చాపింది గౌరీశ్వరి. ఆమె అందరిలోకీ చిన్నది, ఈ మధ్యే పెళ్ళై వచ్చింది. వేళ్ళ కొనలు నల్లగా, తోలు పొరలు పొరలుగా లేచి ఉన్నాయి.

ఇందుమతి కిరీటం తీసి పక్కన పెట్టింది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. అరికాళ్ళు చూసుకోండి, నల్ల మచ్చ ఉంటే అశ్రద్ధ చెయ్యకండి అంది. షెడ్డులో ఆడవాళ్ళందరూ ఒక్కసారి కాళ్ళు ఎత్తి చూసుకున్నారు. అందరి కాళ్ళూ నల్లగానే ఉన్నాయి. పక్కవాళ్ళవి చూశారు. అవీ నలుపే. గౌరీశ్వరి మొదట నవ్వింది.

"అయితే పలాస పలాసంతా క్యాన్సరే. మా మేనేజరు బావుది కూడా సూడు పిల్లా, ఆ చెప్పులిప్పమను."

నవ్వులు రేకుల కప్పుకి తగిలాయి. ఆ నవ్వుల్లో దేముడమ్మ నవ్వు కూడా ఉంది. అందరికంటే పెద్దది అదే.

నవ్విన వాళ్ళలోనే కొందరికి లోపల భయం పట్టింది. మరుసటి ఆదివారం రెండు ఆటోల నిండా ఆడవాళ్ళు శ్రీకాకుళం బయల్దేరారు. ఒక ఆటో సుమన్‌ది. దేముడమ్మ మాత్రం పూనకం వచ్చిన దానిలా ఇల్లు అలుకుతూ కూర్చుంది. డాక్టర్ సాహితి ఒక్కొక్కరి కాలూ దూది ముంచి తుడిచింది, దీపం ఉన్న భూతద్దం పెట్టి చూసింది. జీడి. ఆ పక్కామెదీ జీడి. చివరామెది చెప్పు రంగు. టిఫిను తిని, బజారు చూసుకుని, అందరూ పాటలు పాడుకుంటూ తిరిగొచ్చారు. ఆ సాయంత్రానికి ఇందుమతికి కాశీబుగ్గలో కొత్త బిరుదు పడిపోయింది, "జీడి క్యాన్సర్ పిల్ల."

"నీకు రెండు బిరుదులు మరదలా. ఇది మా ఊరోళ్ళు ఓటేసి ఇచ్చినది" అన్నాడు సుమన్ ఆటో తుడుచుకుంటూ.

"నవ్వింది చాలు గాని బావా, అందర్నీ ఎక్కించుకు పోనావు, మీ అమ్మని ఎందుకు తేలేదు?"

"రానంటే మొయ్యమంటావేటి? నువ్వు భయపెట్టినావనీసి నాను అడిగినాను. కాలు సాపింది. సూసినాను. అంతా జీడే మరదలా. మడమ మడమంతా నల్లగుంది. మచ్చా నేదు, ఏటీ నేదు."

మొన్న చింతగింజంత ఉన్న నలుపు ఇవాళ మడమంతా ఎలా అయింది? కానీ ఆ మాట ఇప్పుడు ఎవరితో అన్నా నవ్వుతారు. రెండు ఆటోల జనాన్ని ఊరికే తిప్పిన మనిషి మూడో ఆటో తెమ్మంటే ఎవరు తెస్తారు?

డాక్టర్ సాహితి మాత్రం నవ్వలేదు. "తప్పు నాది కూడా" అంది ఫోన్లో. "నల్ల మచ్చ చూడమన్నాను. మీ ఊళ్ళో నలుపే గుర్తు కాదు కదా. జీడి పై తోలుకే పడుతుంది. పాత తోలు ఊడి కొత్తది వచ్చేసరికి మరక పోతుంది. అసలు మచ్చ పోదు. వాళ్ళు పని మానేసే రోజులు ఏవైనా ఉంటే అప్పుడు చూడు."

ఆ రోజులు వానాకాలంలో వచ్చాయి. సరుకు చాలక షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆడవాళ్ళు ఊడుపులకి పోయారు. బురదలో నాని నాని, మడమలు మెత్తబడి, పాత తోలు పొట్టులా రాలిపోయింది. నెల దాటాక ఒక పొద్దుగూకే వేళ ఇందుమతి పొలం గట్టు మీదికి వెళితే, కాలవలో కాళ్ళు కడుక్కుంటున్న గౌరీశ్వరి తనే పిలిచి మడమ చూపించింది.

"సూసినావా, పెళ్ళికూతురి కాలయిపోనాది. క్యాన్సర్ ఎల్లిపోనాది."

మడమ తెల్లగా ఉంది. పక్కనున్న వాళ్ళందరి కాళ్ళూ అంతే. ఇందుమతి వాళ్ళ నవ్వులో నవ్వు కలిపి, అక్కడి నుంచి నేరుగా మేనత్త ఇంటికి నడిచింది. దేముడమ్మ ఆ ఏడు ఊడుపులకి పోలేదు. మోకాళ్ళు నొప్పులంది.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపల జీడి నూనె వాసన గుప్పుమంటోంది. షెడ్డు మూసి నెల దాటాక, బయట వాన పడుతుండగా, మడమలు పగలని కాలంలో, దేముడమ్మ పీట మీద కాలు పెట్టుకుని కోడి ఈకతో నూనె పూస్తోంది. మడమంతా తారు పూసినట్టు నల్లగా ఉంది. అంచున బొబ్బ లేచి చితికింది కూడా.

ఇందుమతి గుమ్మంలోనే ఆగిపోయింది. దేముడమ్మ ఈక దాచబోయి, దాచలేక, అలాగే పట్టుకుని కూర్చుంది.

"వానాకాలంలోన పగుళ్ళేటత్తా?"

దేముడమ్మ నూనె సీసాకి మూత బిగించింది.

"అందరి కాళ్ళూ తెల్లబడిపోనాయి. గౌరీశ్వరి సూపించింది. నీదొక్కటే నల్లగుంది. నువ్వే నలుపు సేసుకుంటన్నావు."

"తలుపెయ్యి" అంది దేముడమ్మ.

తలుపు వేశాక, చూరు నీళ్ళు పడుతున్న చప్పుడు వింటూ కూర్చుంది. తర్వాత ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

"నాకు తెల్దనుకున్నావేటి? పోయినేడు షెడ్డు బందైనప్పుడే తెలిసిపోనాది. అందరివీ పోనాయి, నాది పోనేదు. ఒక్కరవ్వ పెరిగినాది కూడా. నువ్వు సూసినకాడ్నించి మడమంతా పూత్తన్నాను. అందరి కాళ్ళలాగ ఉంటే ఎవులడుగుతారు?"

"నొప్పి పుట్టదేటి?"

"నొప్పికేటి, మిషను తొక్కిన కాలు."

"అత్తా, డాక్టరమ్మ ఏటన్నాదంటే..."

"నీ డాక్టరమ్మ సంగతి నాకు సెప్పకు. ఆసుపత్రి నాకు తెలిసినట్టు నీకు తెల్దు. మీ మావయ్యకి రగతం కడిగీ మిషను ఎక్కించీటప్పుడు నాను బయట బెంచీ మీద కూకునీదాన్ని. వారం వారం. ఎన్నేళ్ళో. గోడకి తల ఆనించి కూకునే పడుకోడం అలవాటైపోనాది. ఇప్పుటికీ సాప మీద పడుకుంటే నిద్ర రాదు, తెల్సా నీకు? ఆయన పోనాడు, బెంచీ నన్నొగ్గనేదు." "సుమన్‌గాడు పాలిటెక్నిక్ ఎందుకు మానీసినాడు? సదువు రాకనా? అయ్యని తిప్పడానికి ఆటో కొన్నాడు. ఆ ఆటో ఇప్పుడిప్పుడే నలుగుర్ని ఎక్కించుకుని బజార్లోన తిరుగుతంది. దాన్ని మల్లీ ఆసుపత్రి దారి పట్టించమంటావేటి? ఆడిని ఆ బెంచీ మీద కూకోబెట్టమంటావా?"

ఈ బెంచీ సంగతి పోస్టర్ల మీదా లేదు, పోటీ వాళ్ళు నేర్పిన ఇంగ్లీషు ఉపన్యాసంలోనూ లేదు. కోడి ఈక అత్త చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది.

"అది జబ్బో కాదో నాకూ తెల్దు. నాను డాక్టర్ని కాదు. ఒక్క పని సెయ్యి. షెడ్డు తీసీదాకా నూనె పుయ్యకు. మచ్చ పోతే నాను ఇంక నోరెత్తను. ఈ సేవ కూడా మానీసి ఇంట్లో కూకుంటాను."

"పోకపోతే?"

"పోకపోతే నువ్వే సెప్పు ఏటి సెయ్యాలో."

"సుమన్‌గాడికి సెప్తావా?"

"నువ్వు సెప్పమనీ వరకూ సెప్పను."

దేముడమ్మ మేనకోడలి మొహం కేసి చూసింది. ఆ ఒప్పందంలో ఆమెకి ఆశ కనబడింది. పోవచ్చు కదా. ఇన్నాళ్ళూ పూస్తూ ఉండబట్టే పోలేదేమో. నూనె సీసా ఇందుమతి చేతిలో పెట్టింది.

"నీ బేగులోన ఎట్టుకో. సూసుకో, కారితే నీ తోలు కూడా పోద్ది. కిరీటం ఎనక్కి అడుగుతారు."

ఆ తర్వాత రోజులు ఇందుమతికి మెడ మీద కత్తిలా గడిచాయి. కంచిలిలో జీడితోటల కూలీల దగ్గరికి వెళ్ళింది, సోంపేటలో ఒక హైస్కూలుకి వెళ్ళింది. దొరల తోలు పోస్టర్లు చుట్టేసి అటక మీద పడేసి, గోధుమరంగు అరికాలు, అరచెయ్యి తనే అట్ట మీద గీసి రంగులు వేసుకుంది. బొమ్మ అంత బాగా కుదరలేదు. పిల్లలు అది ఏ జంతువు కాలని అడిగారు. అయినా బొమ్మ చూసి చెప్పులు విప్పుకున్నారు. రోజూ సాయంత్రం అత్తకి ఫోను చేసేది. దేముడమ్మ వాన గురించి, పక్కింటి మేక గురించి, సుమన్ ఆటోకి వేయించిన కొత్త సీట్ల గురించి చెప్పేది. కాలి మాట ఇద్దరూ ఎత్తలేదు. ఒకరోజు మధ్యలో మాట ఆపి, "సుట్టూ తెల్లబడ్డాదే" అంది. మచ్చ సంగతి చెప్పలేదు. ఇందుమతి అడగలేదు.

సుమన్‌కి చెప్పేద్దామని చాలాసార్లు అనిపించింది. ఇచ్చిన మాట తప్పితే అత్త తలుపు మళ్ళీ తెరవదని తెలుసు. మాట నిలుపుకుంటే ఒక్కో రోజూ ఆ మచ్చ ఎంత పాకుతోందో తెలియదు. అన్నం సయించక చిక్కిపోతే వాళ్ళమ్మ, "మల్లీ పోటీకెల్తావేటే?" అని అడిగింది.

వానలు తగ్గి, సరుకు లారీలు దిగి, షెడ్డు తెరిచే రోజు వచ్చింది. మిషన్లు కడిగి పసుపు బొట్లు పెట్టారు. వైకుంఠరావు కొబ్బరికాయ కొట్టాడు. మిషన్లు మొదలయ్యేలోగా కాసేపు మాట్లాడనివ్వమని ఇందుమతి అడిగితే, "మళ్ళీ రెండు ఆటోలు తెప్పించి నా షెడ్డుని ఖాళీ చేయించవు కదా" అన్నాడు గాని కాదనలేదు. ఈసారి ఆమె నెత్తి మీద కిరీటం లేదు. పట్టీ మాత్రం ఉంది, అది లేకపోతే పోటీ వాళ్ళు ఫోటోలు ఒప్పుకోరు. సుమన్ ఆమెను దింపి, గేటు దగ్గర ఆటో ఆపుకుని నిలబడ్డాడు.

"జీడి క్యాన్సర్ పిల్ల వచ్చీసినాది" అన్నారెవరో.

"వచ్చీసినాను" అంది ఇందుమతి. "పోయినసారి నాదే తప్పు. జీడి అంటిన కాళ్ళ మీద నలుపు సూసుకోమన్నాను. ఈ రోజు మీ కాళ్ళ మీద జీడి నేదు. చేతుల మీదా నేదు. మిషను తొక్కితే రేపటికి మల్లీ నల్లబడిపోతాయి. అందుకని ఇప్పుడే, మొదటి పిక్క కొట్టక ముందే, ఒకలిది ఒకలు సూసుకోండి. ఇన్నాళ్ళు పని నేకపోయినా పోని నలుపు ఏదైనా ఉంటే, అది జీడి కాదు. అంతే. ఇంకేటీ నేదు."

ఇది వాళ్ళకి సులువుగా ఎక్కింది. గోడవార కూర్చుని, ఒకరి కాలు ఒకరు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. చక్కిలిగింతలు పెట్టుకున్నారు, కాలి పట్టీలు ఎప్పుడు చేయించావని ఒకరినొకరు అడిగారు. దేముడమ్మ మాత్రం తన మిషను దగ్గర, చెప్పులు విప్పకుండా నిలబడి ఉంది. ఆమె కాలు ఒళ్ళోకి తీసుకునే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

గౌరీశ్వరి కాలి బొటనవేలి కింద మిరియమంత నలుపు బయటపడింది. పక్కామె గట్టిగా రుద్దింది. పోలేదు.

"ఇదా? ఇది ఎప్పుట్నించో ఉంది" అంది గౌరీశ్వరి కాలు లాక్కుంటూ. "ఏటీ అవదు. మన దేముడమ్మ పిన్ని అప్పుడే సెప్పింది, కొంచెం జీడి పూసుకుంటే మిగతా నలుపులోన కలిసిపోద్దనీసి. సీసా కూడా తెచ్చుకున్నాను. ఏం పిన్నీ, నువ్వే గదా సెప్పినావు?"

అందరూ దేముడమ్మ వైపు తిరిగారు. ఆమె గౌరీశ్వరి చేతిలోని చిన్న సీసా వైపు చూస్తోంది. ఇందుమతి నోరు తెరిస్తే అత్తకిచ్చిన మాట పోతుంది. తెరవకపోతే ఆ పిల్ల పూసుకుంటుంది.

దేముడమ్మ నడిచొచ్చి ఆ సీసా లాక్కుంది. అక్కడ బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని, చెప్పు విప్పి, కాలు ఎత్తి రెండో మోకాలి మీద పెట్టుకుంది. వెలుతురు పడేలా మడమ గుమ్మం వైపు తిప్పింది.

"నాను సెప్పింది అబద్ధం. కలిసిపోదు. నాను పూసి పూసి సూసినాను. ఇదిగో."

చుట్టూ తోలు లేతగా తెల్లబడి ఉంది. ఆ తెలుపు మధ్యలో మచ్చ ముందుకంటే స్పష్టంగా, పెద్దగా కనబడుతోంది. షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. ఒకామె దగ్గరికొచ్చి వేలితో ముట్టబోయి మానేసింది.

"పెద్దదే పిన్నీ" అంది గౌరీశ్వరి నెమ్మదిగా.

"నీది చిన్నది. అందుకే నువ్వు కూడా పద" అంది దేముడమ్మ.

గేటు దగ్గరున్న సుమన్ ఎప్పుడు లోపలికి వచ్చాడో ఎవరూ చూడలేదు. తల్లి ముందు గొంతుక్కూర్చుని, మడమ రెండు చేతుల్లోకి తీసుకుని చూశాడు.

"అప్పుడు నాకు సూపించినది ఏ కాలే అమ్మా?"

"ఇదే. రంగేసి సూపించినాను."

"నన్నెర్రోన్ని సేసీసినావు."

"కాదురా. నువ్వు మల్లీ..." దేముడమ్మ చేతిలోని సీసా కింద పెట్టింది. "మల్లీ ఆ బెంచీ మీద కూకోడం నాకిట్టం నేదురా."

సుమన్ చెప్పు తెచ్చి ఆమె కాలికి తొడిగాడు. "కొత్త సీట్లేయించినాను. ఇంటి మనిసి ఒక్కలూ ఎక్కనేదు ఇప్పుటి దాకా. లెగు."

డాక్టర్ సాహితి గౌరీశ్వరి మచ్చ చూసి, అది పుట్టుమచ్చేనని, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలని చెప్పింది. దేముడమ్మ మడమ మీద భూతద్దం పెట్టి చాలాసేపు తియ్యలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక ఇందుమతినీ సుమన్‌నీ కూర్చోబెట్టి, దేముడమ్మను బయటికి పంపబోతే ఆమె కదల్లేదు.

"నా కాలు గదమ్మా. నాకే సెప్పు."

"క్యాన్సరే అమ్మా" అంది డాక్టర్. "కానీ ఇంకా లోతుకి దిగలేదు. మడమ మీద ఆ మేర కోసి తీసేసి, తొడ మీద తోలు తెచ్చి అతకాలి. విశాఖపట్నంలో చేస్తారు. తర్వాత కొన్నేళ్ళు మధ్య మధ్య చూపించుకోవాలి. ఇంకో ఏడాది ఇలాగే నూనె పూసి దాచి ఉంటే నేను ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు."

"మిషను తొక్కగలనా?"

"ఆ కాలితో తొక్కకూడదు."

"జీడిపప్పు ఏరీ పని కూకుని సేసీదే" అంది దేముడమ్మ తనలో తాను.

దసరా వెళ్ళాక ఆపరేషను అయింది. తోలు అతుక్కుంది. చుట్టూ గాని, గజ్జల్లోని గ్రంథుల్లో గాని జబ్బు ఏమీ మిగల్లేదని రిపోర్టు వచ్చింది. ఆ తర్వాత కట్టు మార్చుకునేందుకు విశాఖపట్నం తిరగడం మొదలైంది. ఇందుమతి కుదిరినప్పుడల్లా వెంట వెళ్ళేది. ఆసుపత్రిలో కొందరు ఆమెను గుర్తుపట్టి ఫోటో అడిగేవారు. ఆమె ఫోటో దిగి, వాళ్ళ అరికాళ్ళు ఎప్పుడైనా చూసుకున్నారా అని అడిగేది. సగం మంది కోపగించుకునేవారు.

ఒక మధ్యాహ్నం కట్టు మార్చాక, దేముడమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఇందుమతి వరండాలోకి తోసుకొచ్చింది. బెంచీ మీద సుమన్ ఉన్నాడు. తెల్లారకుండా ఆటోలో వాళ్ళిద్దరినీ బస్టాండుకి చేర్చి, బస్సులో వెంట వచ్చిన మనిషి. గోడకి తల ఆనించి, నోరు కాస్త తెరిచి, కూర్చునే నిద్రపోతున్నాడు. ఒళ్ళో తల్లి చెప్పులు పెట్టుకుని ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు.

ఇందుమతి కుర్చీ ఆపింది. అత్త మొహం చూడాలంటే భయం వేసింది. దేముడమ్మ కొడుకు కేసి చాలాసేపు చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని కారలేదు.

"బావని లేపనా అత్తా? బస్సు టైమవుతాది."

"లేపకు. ఆ పక్కనెట్టు నన్ను. ఇంకాసేపు పడుకోనీ. ఇప్పుడు నాకు తొందరేటీ నేదు."